వాసన తీసేసిన సారా

మంచిర్యాల వైన్ షాపు ఫ్రిజ్‌లో నిలబెట్టిన వోడ్కా సీసా ఒకటి. జన్నారం అవతల అడవి పల్లెలో పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన ఇప్ప సారా ఇంకొకటి. కంటికి రెండూ నీళ్లే. మూత తీస్తే మొదటిది ఆస్పత్రి స్పిరిట్‌లా ముక్కును ఒక్కసారి తాకి ఊరుకుంటుంది. రెండోది ఇల్లంతా పాకుతుంది. ఎండిన పువ్వు తీపి, కట్టెల పొగ, పులుపు అన్నీ కలగలిసిన వాసన అది. మత్తెక్కించే పదార్థం రెండింట్లోనూ ఒక్కటే, ఇథనాల్. సారాలోంచి మిగతావన్నీ తీసేస్తూ పోతే చివరకు మిగిలేది వోడ్కా. ఆ తీసేసే పనికి రెండు శతాబ్దాలకు పైగా రసాయన శాస్త్రం, ఇంజినీరింగ్ ఖర్చయ్యాయి. అందులో బొగ్గుకూ వాటా ఉంది.

ఇప్పతో మొదలుపెడదాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పచెట్టు పూలు రాలుస్తుంది. ఎండ ముదరకముందే ఏరుకొచ్చి ఆరబెడతారు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. కొమ్మకు కాసిన బెల్లం అనుకోవచ్చు. దాన్ని నానబెడితే ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తిని ఇథనాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. కల్లు పొంగేదీ, బెల్లం ఊట బుసబుసలాడేదీ ఇందుకే. ఈ పనికి ఒక హద్దుంది. ఊటలో ఇథనాల్ పది శాతం దాటుతున్నకొద్దీ దాన్ని తయారుచేసిన ఈస్ట్‌కే ఊపిరాడదు. అంతకన్నా ఘాటైనది కావాలంటే బట్టీ పెట్టాల్సిందే.

బట్టీ సూత్రం అందరికీ తెలిసిందే. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. కింద మంట, మీద చల్లనీళ్ల కుండ, మధ్యలో ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగుతుంది. కానీ చాలామంది అనుకున్నట్టు 78 డిగ్రీలు రాగానే ఇథనాల్ మొత్తం లేచిపోయి నీళ్లు కింద మిగలవు. కలిసి ఉన్నవి కలిసే మరుగుతాయి. ఊట 90 డిగ్రీలు దాటాకే మరగడం మొదలవుతుంది. లేచే ఆవిరిలో ఇథనాల్ పాలు ఎక్కువగా ఉంటుంది, అంతే. దాంతోపాటు నీళ్లూ వస్తాయి, పూలవాసన మోసే ఎస్టర్లూ వస్తాయి, ముక్కుపుటాలు మండించే ఆల్డిహైడ్లూ వస్తాయి. 131 డిగ్రీలకు గానీ మరగని ఐసోఅమైల్ ఆల్కహాల్ లాంటి బరువైన ఆల్కహాళ్లు సైతం ఆవిరి తోక పట్టుకుని వచ్చేస్తాయి. వీటినే ఫ్యూజెల్ నూనెలు అంటారు. గుడుంబా దగ్గరికి వెళ్తే కడుపులో తిప్పే ఆ మురుగు వాసనలో వీటిది పెద్ద చేయి. ఒక్క కుండలో ఒక్కసారి దించితే ఇవన్నీ సీసాలోకి రాక తప్పదు. ఇప్ప సారాకు రుచి ఉండటానికీ, మర్నాడు తల పట్టేయడానికీ కారణం కొంతవరకు ఒకటే.

1830లో డబ్లిన్‌కు చెందిన ఈనియస్ కాఫీ అనే మాజీ ఎక్సైజ్ అధికారి ఈ కథ మార్చేశాడు. సారా పట్టుకునే ఉద్యోగం చేసినవాడే సారా తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. కుండ స్థానంలో నిలువుగా పొడవాటి స్తంభం, లోపల అంతస్తులుగా చిల్లుల పళ్లేలు. పైనుంచి ఊట దిగుతూ ఉంటుంది, కిందినుంచి ఆవిరి ఎక్కుతూ ఉంటుంది. ఒక్కో పళ్లెం మీద ఒక్కో చిన్న బట్టీ నడిచినట్టే. అంతస్తు మారినకొద్దీ ఇథనాల్ పాలు పెరుగుతుంది. ఇవాళ్టి డిస్టిలరీల్లో ఇలాంటి స్తంభాలు వరసగా అయిదారు ఉంటాయి. వాటిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. అంత కష్టపడి చిక్కబరిచిన స్పిరిట్‌లో మళ్లీ కావాలని నీళ్లు కలిపే స్తంభం అది. పలచని ద్రావణంలో ఫ్యూజెల్ నూనెలకు నిలకడ ఉండదు, నీళ్లు వాటిని పైకి నెట్టేస్తాయి. వాటిని పైనుంచి తోడేసి, కింద మిగిలిన శుభ్రమైన ఇథనాల్‌ను తర్వాతి స్తంభంలో మళ్లీ చిక్కబరుస్తారు. చివరికి 96 శాతం దగ్గర పని ఆగిపోతుంది. ఎన్ని స్తంభాలు పెట్టినా మామూలు బట్టీతో నూటికి నూరు రాదు. బరువులో 95.6 శాతం చేరగానే ఇథనాలూ నీళ్లూ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే పాళ్లలో మరగడం మొదలుపెడతాయి. ఇక విడదీయడానికి తేడా ఏదీ మిగలదు.

అలా వచ్చిన దాన్ని మన దగ్గర ఈఎన్‌ఏ అంటారు, ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. చెరకు మొలాసిస్‌తో చేస్తారు, నూకలతో చేస్తారు, మొక్కజొన్నతో చేస్తారు. ధాన్యంలో ఉండేది పిండిపదార్థం కనుక ముందు ఉడికించి, ఎంజైములతో చక్కెరగా మార్చి, ఆ తర్వాతే పులియబెడతారు. ఈఎన్‌ఏ స్థాయికి వచ్చాక మాతృక ఏదో ముక్కుతో చెప్పడం దాదాపు అసాధ్యం. దీనిలో నీళ్లు కలిపి, వడగట్టి, సీసాకెత్తితే వోడ్కా. అదే ఈఎన్‌ఏలో కాస్త మాల్ట్ స్పిరిట్, రంగు, ఎసెన్సు కలిపితే మన చౌక విస్కీలు, బ్రాందీలు. ఆ లెక్కన అరలో ఉన్న సీసాల్లో వోడ్కాయే నిజాయితీగలది. ఏమీ లేనిదాన్ని ఏమీ లేనట్టే అమ్ముతుంది. అమెరికా చట్టమైతే 2020 దాకా వోడ్కాకు ప్రత్యేకమైన గుణం, వాసన, రుచి, రంగు ఉండకూడదనే చెప్పింది. ఐరోపాలో పెద్ద తగాదానే నడిచింది. ధాన్యంతో, బంగాళదుంపతో చేసిందే వోడ్కా అని పోలండ్, ఫిన్లాండ్, స్వీడన్ పట్టుబట్టాయి. ద్రాక్షతో చేసేవాళ్లు ఒప్పుకోలేదు. వేరే సరుకుతో చేస్తే ఆ సంగతి లేబుల్ మీద రాయాలన్న రాజీ 2008లో చట్టమైంది.

తెలుగునాట వోడ్కా పేరు ఇంటింటికీ చేరడంలో రసాయన శాస్త్రం కన్నా రాంగోపాల్ వర్మ పాత్రే ఎక్కువ. సిరాశ్రీ ఆయన మీద రాసిన పుస్తకం పేరే ‘వోడ్కా విత్ వర్మ’. కానీ వోడ్కాకు దగ్గరి చుట్టం అంతకుముందే ప్రతి ఊరికీ వచ్చిపోయింది. ప్రభుత్వ సారా ప్యాకెట్లలో ఉన్నది డిస్టిలరీ స్పిరిట్‌కు నీళ్లు కలిపిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి ఆ సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ప్యాకెట్ పోయింది, సీసా మిగిలింది. చట్టం కన్ను గప్పి గుడుంబా బట్టీలు మిగిలాయి. నల్లబెల్లం, పటిక మీద పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు కన్నేసి ఉంచేది అందుకే.

ఇక బొగ్గు సంగతి. 1785లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తోవీ లోవిట్స్ అనే ఔషధ రసాయనవేత్త టార్టారిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా చేస్తూ ఒక విచిత్రం గమనించాడు. కట్టెబొగ్గు పొడి తగిలితే ముదురు రంగు ద్రావణం తేరుకుంటోంది. అదే పొడిని నాటు ధాన్యపు సారాలో కలిపి చూశాడు. కంపు పోయింది. రష్యన్ వోడ్కా వాళ్లు బర్చ్ కట్టెల బొగ్గును పట్టుకుని ఇప్పటికీ వదల్లేదు.

అందులో మాయ ఏమీ లేదు, ఉన్నదంతా ఉపరితలమే. బొగ్గును 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో నీటి ఆవిరితో కాలిస్తే లోపల కంటికి కనపడని రంధ్రాలు కోట్లకొద్దీ తెరుచుకుంటాయి. ఒక్క గ్రాము ఉత్తేజిత బొగ్గు లోపలి ఉపరితలాన్ని విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది, అంటే మన లెక్కలో దాదాపు పది గుంటల నేల. నీళ్లతో అంతగా పొసగని బరువైన అణువులు ఆ గోడలకు అతుక్కుపోతాయి. శ్రీరాంపూర్, మందమర్రి గనుల నుంచి వచ్చే రాక్షసి బొగ్గు ఈ పనికి పెద్దగా అక్కరకు రాదు, దానిలో బూడిద ఎక్కువ. అది కరెంటుకే. వోడ్కాకైనా, ఇంట్లో వాటర్ ఫిల్టరుకైనా మన దేశంలో ఎక్కువగా వాడేది కొబ్బరి చిప్పల బొగ్గు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. బొగ్గు వాసన తీస్తుంది, విషం తీయదు. మిథనాల్ చిన్న అణువు. నీళ్లతో, ఇథనాల్‌తో హాయిగా కలిసిపోతుంది. బొగ్గు గోడలను పట్టించుకోకుండా జారిపోతుంది. శరీరంలో చేరాక కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని కాల్చేస్తుంది, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. బట్టీ దగ్గర తొలి చుక్కలు పారబోస్తే విషం పోయినట్టేనన్న నమ్మకం కూడా సగమే నిజం. మిథనాల్ మరిగేది 64.7 డిగ్రీల దగ్గరే అయినా, నీళ్లను అంటిపెట్టుకుని మొదటి చుక్క నుంచి ఆఖరి చుక్క దాకా వస్తూనే ఉంటుంది. మామూలుగా బెల్లం ఊటలో అది పుట్టేది చాలా తక్కువ. పండ్లలో, పూలలో ఉండే పెక్టిన్ నుంచి కొద్దిగా వస్తుంది. ఊళ్లకు ఊళ్లు ఏడ్చిన దుర్ఘటనల్లో ఉన్నది పరిశ్రమల మిథనాల్. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా అలాగే చనిపోయారు. రంగులో, వాసనలో ఇథనాల్‌కు కవల లాంటిది కాబట్టి ముక్కు దాన్ని పట్టుకోలేదు. ఇంకో విడ్డూరం, మన బూడిద బొగ్గును వాయువుగా మార్చి మిథనాల్ తీయొచ్చు. హైదరాబాద్‌లోని భెల్ పరిశోధన కేంద్రంలో రోజుకు పావు టన్ను తీసే ప్రయోగాత్మక ప్లాంటు 2022లో జాతికి అంకితమైంది. అది ఇంధనానికి, రసాయన పరిశ్రమకు.

సీసాలో సగానికి పైగా ఉన్నది నీళ్లు. అందుకే వోడ్కా రుచిలో నీళ్ల నాణ్యతకు పెద్ద పీట. 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 100 రావు, 96 దగ్గర వస్తాయి. నీటి అణువుల నడుమ ఖాళీల్లో ఇథనాల్ ఒదిగిపోతుంది. ఈ కలయిక మీదే 1865లో రష్యన్ రసాయనవేత్త మెండలీవ్ తన సిద్ధాంతగ్రంథం రాశాడు. 40 శాతం వోడ్కాను కనిపెట్టింది ఆయనేనన్న కథ మాత్రం కథే. రష్యా ప్రభుత్వం 40 శాతాన్ని ప్రమాణంగా పెట్టింది 1843లో, అప్పటికి మెండలీవ్‌కు తొమ్మిదేళ్లు. మన సీసాల మీద కనిపించే 42.8 శాతం బ్రిటిష్ వాళ్ల పాత కొలత. స్పిరిట్‌తో తడిపిన తుపాకిమందు నిప్పు తగిలితే అంటుకోవాలి, అదే వాళ్ల పూర్తి ప్రూఫ్, సుమారు 57 శాతం. దానిలో ముప్పావు లెక్కేస్తే 42.8.

బొగ్గు బాయి ఉన్న చోట సారా ఉండటం ఒక్క మన దగ్గరే కాదు. ఒకప్పటి తూర్పు జర్మనీలో గని కార్మికులకు పన్నులేని 32 శాతం సారాను కోటా ప్రకారం సర్కారే ఇచ్చేది. కార్మికులు దానికి పెట్టుకున్న ముద్దుపేరుకు అర్థం గనోడి చావు. దిగి పనిచేసి వచ్చినవాడికి ఒక చుక్క పడితే గుండెలోని బొగ్గుదుమ్ము కడిగేస్తుందనే మాట ఉంది. తాగింది పోయేది కడుపులోకి, దుమ్ము ఉండేది ఊపిరితిత్తుల్లో. రెండు దారులు వేరు. పైగా శ్వాసనాళాల లోపల దుమ్మును మెల్లగా బయటికి తోసే సన్నని నూగు ఉంటుంది. ఎడతెరపి లేని తాగుడు ఆ నూగును మందగింపజేస్తుంది. రామగుండం ఎండల్లో, ఓపెన్‌కాస్ట్ గుంతలో పనిచేసి వచ్చినవాడికి ఇంకో దెబ్బ కూడా ఉంది. శరీరంలో నీళ్లు ఆపే వాసోప్రెసిన్ హార్మోన్‌ను ఇథనాల్ అణచేస్తుంది. దాహం తీర్చుకుందామని తాగింది ఉన్న నీళ్లనే తోడేస్తుంది.

వోడ్కా తాగితే వాసన రాదు, ఎవరూ పట్టుకోలేరు అనేది ఇంకో ధీమా. భార్య ముక్కు విషయం నేను చెప్పలేను. బ్రీత్ ఎనలైజర్ వెతికేది ఫ్యూజెల్ వాసనను కాదు, ఇథనాల్‌ను. అది రక్తంలోంచి ఊపిరిలోకి వస్తూనే ఉంటుంది. వోడ్కా అయినా ఇప్ప సారా అయినా యంత్రానికి ఒకటే. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాముల ఇథనాల్ ఉంటుంది. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే తీసేయగలదు. అంటే ఒక్క పెగ్గుకు రెండు మూడు గంటలు. 650 మిల్లీలీటర్ల అయిదు శాతం బీరులో 25 గ్రాములు దాటుతుంది, బీరే కదా అనేవాళ్లు ఈ కూడిక ఒకసారి వేసుకుంటే మంచిది. శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఇథనాల్ స్వభావం మారదు. కేన్సర్ కారకాల మొదటి వర్గం జాబితాలో మద్యం 1988 నుంచీ ఉంది.

వాసన లేకపోవడమే వంటింట్లో, గ్లాసులో వోడ్కాకు పనికొచ్చే గుణం. టమాటా రసంతో కలిస్తే బ్లడీ మేరీ, అల్లం సోడాతో మాస్కో మ్యూల్. పేరులో మాస్కో ఉన్నా మ్యూల్ పుట్టింది 1941 ప్రాంతంలో అమెరికాలో. జామరసం, నిమ్మ, ఉప్పుకారం కలిపినా అడ్డు చెప్పదు. ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టదు, ఎందుకంటే 40 శాతం వోడ్కా గడ్డకట్టాలంటే మైనస్ 27 దాకా పోవాలి. నూనెలా చిక్కబడుతుంది, ఘాటు తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ ఘాటు కూడా అసలు రుచి కాదు. మిరపకాయ కారాన్నీ, కాలే వేడినీ పసిగట్టే నాడీ గ్రాహకం ఒకటే. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. ఇథనాల్ తగిలితే 34 దగ్గరే లేస్తుంది. మన నోటి వేడే మనకు మంటగా తోస్తుంది. గుంటూరు మిర్చికి అలవాటుపడిన నాలుక మీద ఇది ఎంత పనిచేస్తుందో ఎవరైనా పరిశోధిస్తే బాగుండు.

నీళ్లలో కరగనివి కొన్ని, నూనెలో కరగనివి కొన్ని ఇథనాల్‌లో కరుగుతాయి. వెనీలా కాయలు నానబెట్టి ఎసెన్సు తీసేది ఇందుకే. అమెరికా ప్రమాణాల ప్రకారం వెనీలా ఎక్స్‌ట్రాక్ట్‌లో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. క్రీమ్ వేసిన టమాటా సాస్‌లో ఇటాలియన్ అమెరికన్లు కొంచెం వోడ్కా పోస్తారు. రుచికి కాదు, టమాటా పరిమళాన్ని గిన్నెలోంచి ముక్కు దాకా మోసేందుకు. మైదాపిండిలో కొన్ని నీళ్లకు బదులు వోడ్కా పోస్తే ‘పై’ పేస్ట్రీ గుల్లగా వస్తుందని 2007లో ఒక అమెరికన్ వంటల పత్రిక చూపించింది, గ్లూటెన్ సాగాలంటే నీళ్లు కావాలి, ఇథనాల్ దాన్ని సాగనివ్వదు. మిర్చి బజ్జీకి ఈ చిట్కా వాడాలని ఎవరికైనా అనిపిస్తే, శనగపిండిలో గ్లూటెన్ లేదని గుర్తుంచుకోవాలి. కలిసొచ్చేదల్లా తడి తొందరగా ఎగిరిపోవడం ఒక్కటే. పొయ్యి పక్కన మరీ జాగ్రత్త. 40 శాతం స్పిరిట్ మీది ఆవిరి 26 డిగ్రీల దగ్గరే నిప్పందుకుంటుంది. మంచిర్యాల ఎండాకాలంలో వంటిల్లు అంతకన్నా చల్లగా ఎప్పుడుంటుంది?

వండితే ఎగిరిపోతుందిలే అనుకునేవాళ్లకు అమెరికా వ్యవసాయశాఖ 1992లో కొలతలు ఇచ్చింది. మరిగే కూరలో పోసి పొయ్యి ఆపేస్తే 85 శాతం అక్కడే ఉంటుంది. మంట అంటించి ఆర్భాటం చేసినా 75 శాతం ఉంటుంది. అరగంట ఉడికిస్తే 35, గంటకు 25. రెండున్నర గంటలకు కూడా 5 శాతం మిగిలింది. మందు ముట్టనివాళ్లకు, పిల్లలకు వడ్డించేముందు ఈ లెక్క చెప్పాలి.

అడవివైపు ఇప్పుడు ఇంకో పని నడుస్తోంది. ఉట్నూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు, రక్తహీనతకు విరుగుడుగా. సారా బట్టీకి పోకుండా పువ్వుకు దొరికిన దారి అది. సారాకూ గౌరవం వెతుకుతున్నవాళ్లున్నారు. ఇప్ప సారాను వారసత్వ మద్యంగా గుర్తిస్తామని మధ్యప్రదేశ్ 2021 నవంబరులో ప్రకటించింది. చిత్తూరు జిల్లాలో చిన్న డిస్టిలరీ పెట్టి, దక్కన్ కిత్తనార మొక్కలతో స్పిరిట్ తీసిన డెస్మండ్ నజరెత్ 2018లో ఇప్ప స్పిరిట్‌నూ సీసాకెత్తారు.

వాళ్ల ముందున్న చిక్కు పూర్తిగా సాంకేతికమైంది. స్తంభం ఎక్కించి 96 శాతం దాకా లాగితే ఇప్ప పోయి వోడ్కా మిగులుతుంది, దానికి నూకలు చాలు. కుండలోనే వదిలేస్తే ఫ్యూజెల్ కంపూ, మాడిన వాసనా కూడా కొనుక్కోమన్నట్టే. కొన్యాక్ చేసే ఫ్రెంచివాళ్లు రాగి బట్టీలో రెండుసార్లు దించి 72 శాతం దగ్గర ఆపేస్తారు. రాగి గంధకపు వాసనలను పట్టేసుకుని ద్రాక్షను వదిలేస్తుంది. ఇప్పపువ్వుకు ఆ ఆగాల్సిన చోటు ఎక్కడో కొన్యాక్ అంకె చూసి చెప్పలేం. పువ్వు ఎంత ఎండింది, ఎన్నాళ్లు పులిసింది చూసుకుని, బట్టీ దగ్గర కూర్చుని ముక్కుతోనూ కొలతతోనూ తేల్చుకోవాల్సిందే.